బావ కుడి భుజం

ఏ మనిషికీ రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉండవు. ఈ మాట మా బావ నాకు కుట్టుపని నేర్పిన మొదటి వారంలోనే చెప్పాడు. నేను నమ్మలేదు. "రేపట్నుంచి షాపులోకి వచ్చేవాళ్ళ మొహాలు చూడకు, భుజాలు చూడు" అన్నాడు. చూశాను. ఒకే చేత్తో సంచీ మోసేవాడికి ఆ వైపు జారి ఉంటుంది. రోజంతా బల్ల ముందు కూర్చుని రాసేవాడికి ఒకవైపు లేచి ఉంటుంది. బిడ్డను చంకనేసుకు తిరిగిన తల్లికి ఆ బిడ్డ పెద్దదై ఉద్యోగానికి వెళ్తున్నా ఆ వంపు పోదు. ఇది జరిగి ముప్ఫై ఏళ్ళయింది. పెళ్ళికి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా ఇప్పటికీ నా చూపు ముందు భుజాల మీదకే పోతుంది. ఇదొక జబ్బు, దీనికి మందు లేదు.

ఇంకో సంగతి కూడా ఆ వారంలోనే నేర్పాడు. చూడాలి, రాసుకోవాలి, నోరు మాత్రం విప్పకూడదు. కొలతల పుస్తకంలో భుజం కొలత కింద కుడివైపు ఒక చుక్క పెడితే కుడి భుజం తక్కువని అర్థం. ఎడమవైపు పెడితే ఎడమది. రెండు చుక్కలుంటే బాగా తక్కువ. ఆ చుక్కల సంగతి మాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. జారిన భుజం కింద ఒక పొర దూది ఎక్కువ పెడతాం. మనిషి ఆ కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటాడు. "ఎంత బాగా కుదిరిందండీ!" అని మురిసిపోయి వెళ్ళిపోతాడు. "వాడి వంకర వాడికి చెప్పడానికి మనమెవరంరా? ఆ దూది సంగతి వాడికి తెలియకపోతే అదే మన పనితనం" అనేవాడు బావ.

బావ అంటే మా అక్క మొగుడు. ఆ షాపులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కటింగ్ మాస్టర్. కిటికీ పక్కన ఉన్న పొడవాటి బల్ల ఆయనది. ఆయన కోసి ఇస్తే నేనూ ఇంకో ముగ్గురూ కుట్టేవాళ్ళం. కోసిన చోట కత్తెర మళ్ళీ పెట్టడం ఆయనకు తెలియదు. అందుకే షాపులో అందరూ ఒక్కకోత మాస్టారు అనేవారు. ఆ పేరంటే ఆయనకు లోపల ఎంత గర్వమో నాకు తెలుసు. పైకి మాత్రం "పనీపాటా లేని పేర్లు" అని కసురుకునేవాడు.

ఆ బల్ల వెనక గోడకు ఒక మేకు ఉండేది. పని అయ్యాక ఆ బరువైన కత్తెరను బావ దానికి తగిలించేవాడు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆ మేకు జానెడు కిందకి దిగి ఉంది. పైన పాత బెజ్జం అలాగే ఉంది. కొన్ని నెలలకు ఇంకాస్త కిందకి దిగింది. ఆ తర్వాత మూడోసారి. ముచ్చటగా మూడు బెజ్జాలు, వాటి కింద మేకు. ఎవరైనా ఏం జరుగుతోందని అడగాలి కదా? నేను అడగలేదు. చూశాను, మనసులో ఒక చుక్క పెట్టుకున్నాను, మిషన్ ముందు కూర్చున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం బూడిదరంగు కోటు గుడ్డ కోస్తూ బల్ల అవతలి అంచుకి చెయ్యి చాపాడు. చెయ్యి చాపినంతలోనే పడిపోయింది. కత్తెర మొన ఛాతీ ముక్కలోకి దిగింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఓనరు వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా ఆ గుడ్డను మడిచి కౌంటరు కింద పెట్టేశాడు. తిట్టి ఉంటే బావ తిరిగి నాలుగు అనేవాడు, అక్కడితో పోయేది. ఆయన తిట్టకపోయేసరికి, సంగతి ఎక్కడిదాకా వచ్చిందో మా అందరికీ తెలిసిపోయింది.

మర్నాడు ఓనరు బావను పక్కకు పిలిచాడు. "మాస్టారూ, బడులు తెరిచేలోపు చెయ్యి బాగుచేసుకు రండి. మూడు నెలలుంది. అప్పటిదాకా ఆ బల్ల మీ పేరునే ఉంటుంది, చిన్నాచితకా కోతలు మీ బావమరిది చూసుకుంటాడు. యూనిఫామ్‌ల సీజన్ మొదలైతే మాత్రం నేనాగలేను." యూనిఫామ్‌లంటే ఇరవై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి కొయ్యాలి. చెయ్యి బల్ల అవతలిదాకా పోవాలి, మళ్ళీ వణక్కుండా వెనక్కి రావాలి. బావకు ఆ బల్ల కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

డాక్టరు ఫొటో తీయించి చూశాడు. భుజంలో కండను ఎముకతో కలిపే పట్టీ ఎప్పుడో తెగిపోయిందట. తెగి, వెనక్కి పోయి ముడుచుకుందట. ఇప్పుడు లాగి కుడదామన్నా అందదట. "మార్జిన్ వదలకుండా కోశాడన్నమాట పైవాడు" అన్నాడు బావ. డాక్టరు అర్థంకాక నా వంక చూశాడు; కుట్టు కోసం అంచున వదిలే గుడ్డను మేం మార్జిన్ అంటాం. మిగిలిన కండలకు పని నేర్పిస్తే ఎంతోకొంత లాభం ఉండొచ్చని చెప్పి ఫిజియోథెరపీకి రాసిచ్చాడు.

ఆ గది మందుల షాపు మీద మేడలో ఉంది. ఒక గోడ పొడవునా అద్దం, పక్కన మంచం, మూడు రంగుల రబ్బరు పట్టీలు, పైనుంచి వేలాడే ఒక తాడు. ఫిజియోథెరపిస్ట్ ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. మాట మెత్తన, పట్టు గట్టి. బావను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, చెయ్యి ఎక్కడిదాకా లేస్తుందో విప్పి మూసే రెండు పుల్లల స్కేలొకటి పెట్టి కొలిచింది. కొలిచి రాసుకునేవాళ్ళంటే బావకు మొదట్నుంచీ గౌరవం. మెట్లు దిగుతూ నా చెవిలో, "పిల్ల మంచిదే. ఎడమ భుజం పావంగుళం తక్కువ" అన్నాడు.

నాలుగు వ్యాయామాలు నేర్పింది. ముందుకు వంగి చేతిని వదిలేసి మెల్లగా ఊపడం. పడుకుని రెండు చేతులతో కర్ర ఎత్తడం. రబ్బరు పట్టీని లాగడం. నాలుగోది గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ చేతిని పైకి నడిపించాలి. ఒక్కొక్కటి పదిసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

"నొప్పి మొదలయ్యే చోట ఆగిపోండి మాస్టారూ. పదంటే పదే. ఇంకో సంగతి, ఒళ్ళు మోసం చేస్తుంది. చెయ్యి లేవకపోతే నడుమో, మెడో వంగి లేచినట్టు చూపిస్తుంది. అద్దం ముందు చెయ్యండి."

"మా ఇంట్లో అద్దం మొహం వరకేనమ్మా. అది కూడా మా ఆవిడకే సరిపోదు" అన్నాడు బావ.

ఆ అమ్మాయి నవ్వి నావైపు తిరిగింది. "అయితే మీరు చూడండి. ఒళ్ళు వంగితే వెంటనే చెప్పాలి. చెప్తారుగా?"

"చెప్తానమ్మా" అన్నాను. తల కూడా ఊపాను.

అక్క ముందుగదిలో బీరువాను పక్కకు జరిపించి గోడ ఖాళీ చేయించింది. రోజూ సాయంత్రం షాపు నుంచి నేను అటే వెళ్ళేవాణ్ణి. బావ గోడ ఎక్కేవాడు, అక్క మంచం మీద కూర్చుని లెక్కపెట్టేది. చివరిసారి వేళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ నేను గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో ఒక గీత గీసి, పక్కన తేదీ వేసేవాణ్ణి. ఈ ఆలోచన బావదే. "కొలత లేని పని నాకు తోచదురా" అన్నాడు. మొదటి గీత ఆయన ఛాతీకి ఎదురుగా పడింది.

అక్క లెక్క పదికి చేరినా బావ ఆగేవాడు కాదు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు రోజుకు పది గంటలు నిలబడి పని చేసినవాణ్ణి, పదిసార్లు గోకితే చెయ్యి వస్తుందా?" అని ఇరవై చేసేవాడు, ముప్ఫై చేసేవాడు. మూడో వారానికి నలభైకి వచ్చాడు. పెదవి కొరుక్కుంటూ చేసేవాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కునేది. "ఏమండీ, చాలు, ఆ అమ్మాయి పదే చెప్పింది కదా" అని అక్క అంటే, "నువ్వు లెక్కపెట్టు, సలహాలు చెప్పకు" అనేవాడు.

గీతలు లేచాయి. అబద్ధం చెప్పను, నిజంగానే లేచాయి. రెండో వారానికి రెండు వేళ్ళు, నాలుగో వారానికి నాలుగు వేళ్ళు. అక్క పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది. గోడ పాడవుతోందని ఎప్పుడూ గొణిగే మనిషి, ఆ గీతల మీద చీపురు కూడా తగలనివ్వలేదు. బావ మాట తీరు కూడా మారింది. సీజన్‌లో ఏ బడి గుడ్డ ముందు కొయ్యాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

నాకు మొదటి వారంలోనే కనపడింది. కుడి మడమ నేల విడిచి లేస్తోంది. కుడి పక్క నడుము సాగుతోంది. చెవి దగ్గరికి భుజం ముడుచుకుపోతోంది. ఎడమవైపుకి ఒరిగిపోయి, ఆ ఒరిగినంత మేరా చేతిని పైకి తోస్తున్నాడు. చీకట్లో నిలబెట్టినా భుజం తేడా పట్టేసే వెధవని నేను, నాకెందుకు కనపడదు? కనపడింది. సుద్ద పట్టుకుని పక్కనే నిలబడి అంతా చూశాను. అక్క మొహం చూశాను. బావ మొహం చూశాను. గీత గీశాను.

ఎందుకు చెప్పలేదంటే ముప్ఫై ఏళ్ళ అలవాటని అంటాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినిపిస్తోంది, దాన్ని ఆపేవాణ్ణి నేను కాకూడదనుకున్నాను. పిరికితనానికి మంచితనం తొడుగు వేసుకుని తిరిగాను. వారం వారం మేడ మీదకు వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి, "ఒళ్ళు వంగడం లేదు కదా?" అని నన్నే అడిగేది. "లేదమ్మా" అని నేనే చెప్పేవాణ్ణి.

తొమ్మిదో వారం ఆమె బావను మంచం మీద పడుకోబెట్టి మళ్ళీ కొలిచింది. కాగితం చూసింది. ఇంకోసారి కొలిచింది.

"మాస్టారూ, మొదటి రోజు కంటే తక్కువుంది. వారాలుగా కదలటం లేదు, ఇప్పుడు వెనక్కొచ్చింది."

బావ పకపకా నవ్వాడు. "నీ స్కేలు మార్చమ్మా. మా గోడ మీద జానెడు పైకి పోయాను. సాక్షి ఇదిగో."

ఆమె నావైపు చూసింది. నేను రబ్బరు పట్టీలవైపు చూశాను.

"అయితే ఇక్కడ గోడకు చేసి చూపించండి."

బావ హుషారుగా లేచాడు. ఇంట్లో చేసినట్టే చేశాడు. వేళ్ళు చకచకా ఎక్కాయి, మొహం ఎత్తుకి వచ్చి ఆగాయి. నా జేబులో సుద్ద ఉంది, గీత గీశాను. ఆమె వెనకగా వచ్చి ఒక అరచెయ్యి ఆయన కుడి భుజం మీద, రెండో చెయ్యి నడుము మీద గట్టిగా ఆనించింది. "మడమ నేల మీదే ఉంచండి. ఇప్పుడు మళ్ళీ."

వేళ్ళు నాలుగడుగులు వేశాయి. ఛాతీ కిందే ఆగిపోయాయి. బావ పళ్ళు బిగించాడు. మెడనరాలు లేచాయి. ఇంక ఒక్క వేలు కూడా పైకి పోలేదు.

"ఇంతేనా?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు.

"గీయండి" అంది ఆమె నాతో.

గీశాను. బావ నా మెడలోంచి టేపు లాక్కుని ఎడమచేత్తో తనే కొలిచాడు. రెండు గీతలకూ మధ్య పదకొండు అంగుళాలు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రోజుకి ఎన్నిసార్లు చేస్తున్నారు?" అని అడిగింది ఆమె.

"నలభై. రెండు పూటలా."

"పది చెప్పాను మాస్టారూ. లోపలంతా వాచిపోయి ఉంది. ఇన్ని రోజులూ బలం వచ్చింది మీ నడుముకి." ఆ తర్వాత నావైపు తిరిగింది. కోపంగా అడగలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. "మీకు కనపడలేదా అండీ?"

నా బదులు బావే చెప్పాడు. "వాడికి కనపడకేం? ఎంత తేడా ఉందో అంగుళాలతో సహా తెలుసు వాడికి."

తర్వాత బావ అసలు ప్రశ్న అడిగాడు. "అమ్మా, నేను మళ్ళీ పెద్ద కత్తెర పట్టగలనా?"

ఆమె స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "చిన్న కత్తెర, బల్ల దగ్గరగా కూర్చుని, పట్టగలరు. చెయ్యి చాపి, ఆ బరువుతో, అన్ని పొరలు... ఇంక లేదు మాస్టారూ. అబద్ధం చెప్పి పంపలేను."

"మొదట్నుంచీ నువ్వు చెప్పినట్టే చేసుంటే?"

"ఏమో. చెప్పలేను."

ఆమె వ్యాయామాలన్నీ కొట్టేసి కొత్తగా రాసిచ్చింది. చెయ్యి ఊపడం, ఎవరైనా భుజం పట్టుకుని ఉండగా గోడ ఎక్కడం. ఐదేసిసార్లు. రోజు విడిచి రోజు, మధ్య రోజు పూర్తి విశ్రాంతి. ఉన్నది పోకుండా కాపాడుకోవడానికని చెప్పింది. మెట్లు దిగుతుంటే బావ మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకున్నాడు.

"నాకు కూడా దూది పెట్టావురా" అన్నాడు.

తిట్టు కాదది. పని బాగా నేర్చుకున్న శిష్యుణ్ణి మెచ్చుకునే గొంతుతోనే అన్నాడు. ఇంట్లోకి వెళ్ళగానే అక్కతో, "గోడ తుడిచెయ్యి" అన్నాడు. అక్క నన్ను చూసింది, తడిగుడ్డ తెచ్చింది, ఏడుస్తూ తుడిచింది. ఎంత తుడిచినా తేదీలు వేసిన చోట తెల్లమరకలు మిగిలిపోయాయి.

ఆ 'ఏమో' ఉంది చూశారూ, అది నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. చేసినా రాదని చెప్పి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. వచ్చేదని చెప్పి ఉంటే బావ నన్ను గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు, కనీసం ఆ శిక్షయినా ఉండేది. ఆమె రెండూ చెప్పలేదు. తెలియనిది తెలియదని చెప్పింది.

బడులు తెరవడానికి నెల ముందు ఓనరు ఆ బల్ల నాకు ఇచ్చాడు. బావే స్వయంగా వచ్చి తన కత్తెర నా ముందు పెట్టాడు. పట్టుకుంటే నాకు కుదరలేదు. దాని పిడి ఆయన బొటనవేలికి తగ్గట్టు అరిగిపోయి ఉంది. "నీది నువ్వు కొనుక్కో" అని దాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయాడు. బల్ల వెనక గోడకు నా మేకు నా ఎత్తులో కొట్టుకున్నాను. దాని కింద ఆ బెజ్జాలు అలాగే ఉన్నాయి, మూసే ధైర్యం నాకు లేదు.

ఓనరు చెడ్డవాడు కాదు. బావను కౌంటరులో కూర్చోబెట్టాడు. ఇంకొకరు కొలతలు చెప్తుంటే పుస్తకంలో రాయడమే పని. రెండు రోజులు బాగానే గడిచింది. మూడోరోజు ఒక పెద్దమనిషి భార్యతో కలిసి కోటు ట్రయల్‌కు వచ్చాడు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మా వంశంలో అందరివీ ఇలాంటి నిటారు భుజాలేనండీ" అన్నాడు.

"మీ కుడి భుజం అంగుళం తక్కువ" అన్నాడు బావ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "లోపల మూడు పొరల దూది ఉంది. తీయించి చూసుకోండి. చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, లేటు చెయ్యకండి."

ఆ భార్య ఫక్కున నవ్వింది. ఆయన మొహం కందగడ్డ అయింది. కోటు విప్పి కౌంటరు మీద పారేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఓనరు నెమ్మదిగా, "మాస్టారూ, కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. బావకు అర్థమైంది. కళ్ళజోడు డబ్బా, టిఫిన్ డబ్బా తీసుకుని, మాలో ఒక్కొక్కరి మిషన్ దగ్గరా కాస్సేపు నిలబడి వెళ్ళాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన ఆ షాపులోంచి మోసుకెళ్ళిన సామాను అంతే.

ఇప్పుడు రోజు విడిచి రోజు సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్తాను. వెళ్ళగానే బావ చొక్కా విప్పి గోడ ముందు నిలబడతాడు. నా ఎడమచెయ్యి ఆయన నడుము మీద, కుడిచెయ్యి భుజం మీద. చర్మం కింద ఎముక తగులుతుంది. నాలుగు నెలల్లో అంత చిక్కిపోయాడు. అక్క లెక్క ఐదు దాటదు. తల వంచకూడదని ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి ఆయన ఎదురుగా గోడనే చూస్తూ ఉంటాడు, ఐదోసారి చెయ్యి దించాక నేను గీస్తాను. ఏడు వారాల నుంచి ఒకే చోట గీస్తున్నాను. సుద్ద మీద సుద్ద పడి ఆ గీత వేలెడు మందమైంది.

నిన్న అక్క లెక్క ముగించి, గీత వంక చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. సుద్ద నా చేతిలో ఉంది. ఒక్క అరంగుళం పైకి గీస్తే ఏం పోతుందని అనిపించింది. అక్క మళ్ళీ పక్కింటావిణ్ణి పిలుస్తుంది. బావ రాత్రికి నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. నిజం చెప్తున్నాను, నా చెయ్యి పైకి లేచింది కూడా. ఎంత తేలిగ్గా లేచిందో.

"ఏంట్రా ఆగావు?" అన్నాడు బావ, తల తిప్పకుండా.

"ఏం లేదు బావా." చెయ్యి దించి పాత గీత మీదే గీశాను.

"ఎక్కడ?"

"మొన్నటి చోటే."

ఆయన ఎడమచేత్తో చొక్కా అందుకున్నాడు. కుడిచెయ్యి దూర్చడానికి నేను సాయం చేశాను, ఆయన వద్దనలేదు.

"ఎల్లుండి రా" అన్నాడు.